కోతి కొడుకు బారసాలకు సరుకుల చీటీ

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో కోతిపిల్లను అమ్మరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత వెతుక్కుంటూ వెళ్లి నా మీద విరుచుకుపడొద్దు. అక్కడ అమ్మేది కూరగాయలు, పండ్లు, పూలు, పసుపు కుంకుమలు, స్టీలు సామాను. కోతిపిల్లను మీరు వేరే దారిన సంపాదించుకోవాలి. ఏ దారినో మీరు ఎవరికీ చెప్పరు కాబట్టి నేనూ అడగను. కానీ అది ఇంటికి వచ్చాక దాన్ని కొడుకుగా మార్చే తతంగం ఒకటుంటుంది కదా, దానికి కావలసిన సరంజామా అంతా ఈ చుట్టుపక్కలే దొరుకుతుంది. మోండాలో లేనిది జనరల్ బజార్‌లో, అక్కడా లేకపోతే పాట్ మార్కెట్‌లో, అదీ కాకపోతే రాణిగంజ్‌లో. క్లాక్ టవర్ దగ్గర బండి పెట్టుకుంటే పూటలో పని అయిపోతుంది.

కోతిపిల్లకు గౌను తొడిగి, డైపర్ బిగించి, నోట్లో పాలసీసా పెట్టి, ‘మా బుజ్జిగాడు చూడండి ఎలా తాగుతున్నాడో’ అని ఫోన్లో చూపించే అమ్మానాన్నలను మీరూ చూసే ఉంటారు. చూసి ఊరుకోలేదు, గుండె బొమ్మ కూడా నొక్కి ఉంటారు. కొత్తగా అమ్మానాన్నలైనవాళ్లకు ఏమేం కొనాలో తెలియక తికమకగా ఉంటుంది. పెద్దలు చెప్పాలి. ఈ విషయంలో పెద్దరికం వహించడానికి ఎవరూ ముందుకు రావడం లేదు గనక నేనే పూనుకుని ఒక చీటీ రాశాను. వరసగా కొనుక్కుంటూ పోవడమే. ఏ సరుకు దేనికో పక్కనే వివరం ఉంది.

1. పాలసీసా

మొదటి సరుకు ఇదే. ఎందుకంటే బిడ్డ దగ్గర తల్లి లేదు. తల్లి ఉంటే ఈ చీటీతో పనే లేదు.

కోతిపిల్ల పుట్టగానే తల్లి పొట్టను కరుచుకుంటుంది. తల్లి కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకినా, గోడ మీంచి మేడ మీదికి ఎగిరినా ఆ పట్టు వదలదు. నెలల తరబడి పాలు తాగుతుంది. తర్వాత కూడా భయమేస్తే పరుగు తీసేది ఆ పొట్ట దగ్గరికే. ఇక తల్లి సంగతి. చచ్చిపోయిన పిల్లను కూడా రోజుల తరబడి మోసుకు తిరిగే కోతులను అడవి పరిశోధకులే కాదు, మన రైల్వే స్టేషన్లలో టీ అమ్మేవాళ్లు కూడా చూశారు. చచ్చిన బిడ్డనే దించని తల్లి బతికున్న బిడ్డను మీ చేతిలో పెట్టి ‘జాగ్రత్తగా చూసుకోండి వదినా’ అని వెళ్లిపోయిందట! నమ్ముతున్నాం.

తల్లి కరెంటు తీగ తగిలి పోయిందనో, లారీ కింద పడిందనో మీరు చెప్పే కథ ఒక్కోసారి నిజమే కావచ్చు. కానీ అమ్మకానికి వచ్చే పిల్లలన్నిటి తల్లులూ కరెంటు తీగలే పట్టుకుని చస్తున్నాయంటే విద్యుత్ శాఖ మీద విచారణ వేయాలి. పిల్ల కావాలంటే తల్లిని పట్టాలి, లేదా చంపాలి. మూడో పద్ధతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

తల్లి స్థానంలో వేరేది పెడితే ఏమవుతుందో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలోనే చేసి చూపించాడు. రీసస్ కోతిపిల్లలను పుట్టగానే తల్లుల నుంచి వేరుచేసి, రెండు బొమ్మ తల్లులను ఎదురుగా పెట్టాడు. ఒకటి ఇనుప తీగల తల్లి, దానికి పాలసీసా ఉంటుంది. రెండోది మెత్తటి గుడ్డ చుట్టిన తల్లి, దాని దగ్గర పాలు ఉండవు. పిల్లలు ఆకలేసినప్పుడు మాత్రం తీగల తల్లి దగ్గరికి పోయి, మిగతా పొద్దంతా గుడ్డ తల్లిని కావలించుకుని కూర్చున్నాయి. అలా పెరిగిన కోతులు తర్వాత తోటి కోతులతో కలవలేక, ఒకే చోట కూర్చుని ఊగుతూ, తమను తామే కొరుక్కుంటూ బతికాయి. వాటిలో తల్లులైన కొన్ని, కన్న పిల్లలను దగ్గరికి కూడా రానివ్వలేదు.

అప్పట్లో అమెరికా ప్రయోగశాలలకు రీసస్ కోతులను వేల కొద్దీ పంపింది మన దేశమే. 1978లో ఎగుమతి ఆపేశాం. అయితే ప్రయోగం మాత్రం ఆగలేదు, ఇళ్లలో సాగుతోంది. ఆయన ఫలితాలు రాసి పెట్టాడు, మీరు పాట పెట్టి రీల్ చేస్తున్నారు. తేడా అంతే.

2. గౌను, డైపర్ల పాకెట్టు

గౌను జనరల్ బజార్‌లో చవక. ఆరు నెలల పాప సైజు సరిపోతుంది. తోక కోసం వెనకాల చిల్లు మీరే కత్తిరించుకోవాలి. డైపర్‌కూ అంతే. రోజంతా తడి డైపర్‌లో ఉంటే పసిపిల్లకైతే అర్ధగంటలో ఏడుపు వస్తుంది, అమ్మకు తెలుస్తుంది. కోతిపిల్ల ఏడుపు మీకు అర్థం కాదు. ఒళ్లు ఒరుసుకుపోయి పుండు పడ్డాక పశువైద్యుడు చెబితే తెలుస్తుంది. కోతి పుండు బ్రహ్మరాక్షసి అని సామెత మనకు ఊరికే రాలేదు.

గౌను వేశాక ఫోటో తీస్తారు. బుజ్జిగాడు పళ్లన్నీ కనపడేలా పెదాలు వెనక్కి లాగుతాడు. ‘నవ్వుతున్నాడు, నవ్వుతున్నాడు!’ అని ఇల్లంతా కేరింతలు. రీసస్ కోతి అలా పళ్లు బయటపెట్టేది నవ్వొచ్చి కాదండీ. భయమేసినప్పుడు, తనకంటే బలమైనదాని ముందు ‘నన్నేం చేయొద్దు’ అని చెప్పడానికి పెట్టే ముఖం అది. మీ రీల్‌కు వచ్చిన లక్ష లైకులూ ఆ దండానికే.

ఒక ముఖ్య గమనిక. కోతిని ఆడించి డబ్బు సంపాదించడం మన దేశంలో నిషేధం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 22వ సెక్షన్ కింద కేంద్రం 1998లో ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను ఆటలాడించి చూపించకూడదంది. దాంతో చేతిలో డమరుకం, భుజం మీద కోతి, పక్కన ఇంకో కోతితో వీధి వీధి తిరిగే మనిషి బతుకు తెరువు పోయింది. చట్టం మంచిదే, పోవలసిందే పోయింది. కానీ ఆ మనిషి కోతికి తొడిగిన ఎర్ర లంగాకూ మీ బుజ్జిగాడి గౌనుకూ తేడా ఎక్కడుందో నాకు కనపడలేదు. ఆయన ‘అత్తగారింటికి ఎలా పోతావే?’ అని అడిగి కర్ర ఊపేవాడు, మీరు ‘హాయ్ చెప్పు నాన్నా’ అని బిస్కెట్ ఊపుతున్నారు. ఆయనకు చిల్లర పడేది, మీకు బ్యాంకు ఖాతాలో పడుతుంది. డమరుకం పట్టుకుంటే నేరం, స్మార్ట్‌ఫోన్ పట్టుకుంటే మాతృప్రేమ! పేదవాడి ముల్లె మీద పడ్డంత చురుగ్గా చట్టం మీ గేటెడ్ కమ్యూనిటీ గేటు దాటి ఎందుకు రాదో వాచ్‌మన్‌ను అడగాలి.

కోటు తొడిగితే కోతి మనిషైపోతుందని అనుకున్నవాళ్లు బయట దేశాల్లోనూ ఉన్నారు. 2012 డిసెంబరులో కెనడాలోని టొరంటోలో ఐకియా ఫర్నిచర్ దుకాణం పార్కింగ్‌లో ఒక మకాక్ కోతిపిల్ల ఉన్ని కోటు వేసుకుని, దిక్కుతోచక తిరుగుతూ కనిపించింది. కారులోంచి తప్పించుకుంది. పేరు డార్విన్. లోకమంతా ఆ ఫోటో చూసి మురిసిపోయింది. యజమానురాలు ‘నా బిడ్డను నాకిప్పించండి’ అని కోర్టుకెక్కింది. 2013లో జడ్జి తేల్చిన సంగతి ఏమిటంటే, అది అడవి జంతువు, మీ చేయి జారిన క్షణానే మీ హక్కూ జారిపోయింది. డార్విన్ కోతుల ఆశ్రయంలో కోటు లేకుండా ఉంటున్నాడు.

3. కాటుక డబ్బీ

దిష్టి చుక్క పెట్టడానికి. పెట్టాక ముద్దు కూడా పెడతారు కాబట్టి ఆ ఖాతాలో కొంచెం చెప్పుకోవాలి.

మనకు పెదవి చివర జ్వరం పొక్కులు వస్తాయి. మందు రాసుకుంటాం, మర్చిపోతాం. అవి తెచ్చే హెర్పిస్ వైరస్ దక్షిణ అమెరికా బుల్లి మార్మోసెట్‌కు సోకితే ప్రాణాలే పోతాయి. ‘ఫింగర్ మంకీ’ అని, వేలిని పట్టుకుని వేలాడుతుందని లక్షలు పోసి కొంటున్నారే, ఆ మార్మోసెట్ సంగతే చెబుతున్నాను. అమ్మ ముద్దు పెడితే చచ్చిపోయే కొడుకు పురాణాల్లో కూడా లేడు. మన క్షయ కూడా కోతులకు అంటుకుంటుంది.

అటు నుంచి ఇటు వచ్చే కానుకలూ ఉన్నాయి. మకాక్ కోతుల్లో బి వైరస్ అని ఒకటుంటుంది. వాటికి దాంతో పెద్ద బాధ ఉండదు. మనిషికి సోకడం అరుదు, సోకితే మాత్రం మెదడుకెక్కుతుంది. వైద్యం అందకపోతే సోకినవారిలో ఎక్కువమంది బతకరు. ఇక రేబిస్ ఉండనే ఉంది. బుజ్జిగాడు కొరికిన నాడు మోండా నుంచి రేబిస్ టీకాలు వేసే నారాయణగూడ ఐపీఎంకు ఆటో మాట్లాడుకోండి. కుక్కకాటు వరసలోనే నిలబడాలి. ‘ఏం కరిచింది?’ అని అడుగుతారు. ‘మా అబ్బాయి’ అని చెప్పండి, రిజిస్టర్‌లో ఎలా రాసుకుంటారో చూద్దాం.

4. అరటిపళ్లు

ఇవి రెండు డజన్లు కొనండి. ఒకటి ఇంట్లో బుజ్జిగాడికి, రెండోది మంగళవారం తాడ్‌బండ్ ఆంజనేయస్వామి దర్శనానికి.

మన భక్తి ఎంత క్రమశిక్షణ గలదో ఇక్కడే తెలుస్తుంది. గుళ్లో ఉంటే దేవుడు. చంకలో ఉంటే కొడుకు. మన డాబా మీద ఆరబెట్టిన వడియాల దగ్గర ఉంటే మాత్రం ‘కోతుల బెడద’. ఒకే జీవికి మూడు చిరునామాలు, మూడు హోదాలు. పొద్దున గుళ్లో ప్రదక్షిణం చేసి వచ్చినవాడే మధ్యాహ్నం కోతుల్ని పట్టేవాళ్లకు ఫోన్ చేసి ‘తలకెంత?’ అని బేరమాడతాడు. సాయంత్రం అదే గుంపులోంచి విడిపోయిన పిల్లను చూసి ‘అయ్యో, ఎంత ముద్దుగా ఉందో, ఇంటికి తీసుకుపోదామా?’ అంటాడు.

ఊళ్లలో రైతు బాధ నిజమైన బాధ. మక్కచేనులో కంకి దక్కదు, పెరట్లో కాయ దక్కదు. తెలంగాణ పల్లెల్లో కోతులకు భయపడి కూరగాయలు వేయడం మానుకున్నవాళ్లున్నారు. వానలు వాపసు రావాలె, కోతులు వాపసు పోవాలె అని 2015లో హరితహారం మొక్కల కార్యక్రమం మొదలుపెడుతూ అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అన్నారు. అడవి అంచున పండ్ల మొక్కలు నాటి వాటికి ‘మంకీ ఫుడ్ కోర్టు’ అని పేరు కూడా పెట్టారు. కానీ కోతి అడవి నుంచి రోడ్డుకు, రోడ్డు నుంచి ఊరికి ఎందుకు వచ్చింది? మర్రి, మేడి, జువ్వి చెట్లు కొట్టేసి మనమే పిలిచాం. శ్రీశైలం దారిలో కారు ఆపి చిప్స్ పాకెట్లు విసిరి మనమే అలవాటు చేశాం. ఊరి మీద పడిన గుంపును తిట్టడానికి, ఆ గుంపులోంచి ఒక పిల్లను ఎత్తుకురావడానికి మనకు ఒకే నోరు, అవే చేతులు!

5. గొలుసు

ఈ చీటీలో అసలు సరుకు ఇదే. వెండి మొలతాడు పాట్ మార్కెట్‌లో కొనండి, అది ఫోటోకు. ఇనుప గొలుసు రాణిగంజ్‌లో కొనండి, అది మిగతా సమయానికి.

కోతిపిల్లను చంకనెత్తుకుని మోండాలో ఆకుకూరలమ్మే అవ్వ ముందు నిలబడి చూడండి. ఆమె తోటకూర కట్టలకు నీళ్లు చల్లుతూ తలెత్తి అడుగుతుంది.

‘దీని తల్లి యాడుంది బిడ్డా?’

‘నేనే అవ్వా దీనికి అమ్మను’ అంటారు మీరు.

‘నువ్వు అమ్మవైతే నడుముకు గొలుసెందుకే? నేను నలుగుర్ని సాదిన, ఒక్కనికి తాడు కట్టలె.’

ఆ ప్రశ్నకు బదులు మన జంతుప్రేమికుల దగ్గర లేదు. కన్నబిడ్డకు ఉయ్యాల కొంటాం, పలక కొంటాం, మూడు చక్రాల సైకిల్ కొంటాం. గొలుసు కొనం. బిడ్డ అని పిలుస్తూ గొలుసు కొన్నారంటే, అది బిడ్డ కాదని మీకు తెలిసే కొన్నారు.

‘లేకపోతే పారిపోతుంది కదండీ!’ అంటారు. అవును, పారిపోతుంది. ఎక్కడికి పారిపోతుంది? తనవాళ్ల దగ్గరికి. దాన్ని ఆపడానికే గొలుసు అయితే, పెంపకం అనే మాటను దయచేసి పక్కన పెట్టండి.

ఆంజనేయస్వామి భక్తులకు ఒక్క ముక్క గుర్తుచేస్తాను. రామాయణం మొత్తంలో హనుమంతుణ్ణి కట్టి ఈడ్చుకెళ్లింది ఒక్క ఊళ్లోనే. ఆ ఊరు అయోధ్య కాదు, కిష్కింధ కాదు. కట్టినవాళ్లు ఎవరో, ఆ తర్వాత ఆ ఊరి గతి ఏమైందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

6. పటకారు

ఇది వెంటనే అవసరం రాదు. మూడు నాలుగేళ్లు ఆగి కొనుక్కోవచ్చు.

కోతిపిల్ల పిల్లగానే ఉంటుందని మీ నమ్మకం. మూడేళ్లు దాటి అయిదేళ్లలోపు అది ఈడుకొస్తుంది. మగదైతే కోరపళ్లు కత్తుల్లా దిగుతాయి. గుంపులో ఉంటే ఆ వయసుకు మగ రీసస్ కోతి పుట్టిన గుంపు వదిలి వేరే గుంపు వెతుక్కుంటుంది. ఆడపిల్లకైతే తల్లి హోదాయే దక్కుతుంది. పెద్దింటి తల్లి కూతురు పెద్దింటిదే. మీ ఇంట్లో ఆ లెక్క లేదు. కానీ ఎవరు పైన, ఎవరు కింద అని తేల్చుకోకుండా మకాక్ బతకలేదు. అందుకని తనే తేల్చుకోవడం మొదలుపెడుతుంది. ఇంటాయన జోలికి పోదు. ఇంట్లో అందరికంటే చిన్నది ఎవరో చూసుకుని, ఆ పిల్ల చెంప కొరుకుతుంది. అది కోతి తప్పు కాదు, దాని రాజ్యాంగం అలాంటిది.

అప్పుడు పటకారు బయటికి తీస్తారు. పళ్లు పీకించిన కోతులు, కోరలు అరగదీయించిన కోతులు లోకమంతటా ఉన్నాయి. నిన్నటి దాకా ‘మా బాబుకు మొదటి పన్ను వచ్చింది’ అని పాయసం పంచినవాళ్లు, ఇవాళ ‘చివరి పన్ను కూడా పోయింది, ఇక భయం లేదు’ అని ఊపిరి పీల్చుకుంటారు.

పీకించనివాళ్ల కథ ఒకటి చెబుతాను. అమెరికాలో కనెటికట్ రాష్ట్రం స్టామ్‌ఫర్డ్‌లో ట్రావిస్ అనే చింపాంజీ. చింపాంజీ కోతి కాదు, మనకు ఇంకా దగ్గరి చుట్టం. బల్ల మీద భోజనం చేసేది, వైన్ తాగేది, బట్టలు వేసుకునేది, టీవీ ప్రకటనల్లో కూడా నటించింది. కూతురినీ భర్తనూ పోగొట్టుకున్న యజమానురాలికి అదే కొడుకు. 2009 ఫిబ్రవరి 16న, ఇంటికొచ్చిన ఆమె స్నేహితురాలి మీద పడి ముఖం, చేతులు, చూపు లేకుండా చేసింది. ‘కొడుకు’ను ఆపడానికి తల్లి వంటింటి కత్తితో పొడిచింది. పోలీసులు కాల్చేశారు. అప్పటికి దాని వయసు పదమూడేళ్లు. ఆ కథలో దుర్మార్గులు ఎవరూ లేరు, అదే అసలు భయం. అంత ప్రేమా అక్కడికే దారి తీసింది.

7. స్టాంపు పేపర్లు

కొడుకన్నాక కాగితాలుండాలి. కోర్టుల దగ్గర దొరుకుతాయి. కొనేముందు ఇది చదవండి.

బానెట్ మకాక్, అంటే తల మీద టోపీ పెట్టినట్టు జుట్టుండే మన దక్షిణాది కోతి, 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఒకటో షెడ్యూల్‌లో ఉంది. పులితో సమానం. పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడొచ్చు. జరిమానా కనీసం 25,000 రూపాయలు. పైగా చట్టం మాట తప్పి బంధించిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి అవుతుంది. అంటే మీరు ముద్దులాడుతున్నది సర్కారు ఆస్తిని! రీసస్ కోతినైతే అదే సవరణలో షెడ్యూళ్ల నుంచి తీసేశారు. సంతోషించకండి, జంతుహింస చట్టం దానికింకా వర్తిస్తుంది. ఉత్తరాది రీసస్ దక్షిణానికి జరుగుతూ వచ్చి, రెండు జాతులూ తెలంగాణలో కలిసే ఉంటున్నాయి. మీ చంకలో ఉన్నది ఏ జాతో మీకు తెలుసా? అది తేలేదాకా మీరు ఇంటివారో నేరస్థులో కూడా తేలదు.

విదేశీ బుజ్జిగాడైతే ఇంకో కథ. మార్మోసెట్, టమారిన్ వంటివాటి వివరాలు కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. ఆరు నెలల గడువిచ్చారు. అప్పటికే మన ఇళ్లలో ఉన్నవి కొన్నయితే, చెన్నై, ముంబై విమానాశ్రయాల్లో ప్రయాణికుల సూట్‌కేసుల్లో ఊపిరాడక దొరికే మార్మోసెట్లు, గిబ్బన్లు ఇంకొన్ని. బ్యాంకాక్ నుంచి బట్టల మధ్య మడతపెట్టి తెచ్చిన శిశువుకు ఇక్కడ బారసాల! ఇంగ్లండ్ ఈ తమాషా చాలించింది. 2026 ఏప్రిల్ 6 నుంచి అక్కడ జూలకు దీటైన వసతి చూపించి లైసెన్సు తెచ్చుకోకపోతే కోతిని ఇంట్లో ఉంచుకోవడం నేరం.

ఆస్తి రాయాలనుకుంటున్నారా? ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలీలో పిల్లల్లేని దంపతులు కోతిని కొడుకుగా పెంచి, ఆస్తి దాని పేరనే అని ప్రకటించి 2015లో వార్తల్లోకెక్కారు. కోతి మన చట్టం ముందు వ్యక్తి కాదు, నేరుగా ఆస్తి పుచ్చుకోలేదు. ట్రస్టు పెట్టాల్సిందే. ట్రస్టు పెట్టవచ్చు, కానీ సంతకం పెట్టాల్సిన కొడుకు ఆ కాగితాన్ని ముందు నములుతాడు.

పోనీ దత్తత? 1956 నాటి హిందూ దత్తత చట్టం తీసి చూశాను. పదిహేనేళ్లు నిండకూడదు. కోతికి నిండలేదు. పెళ్లి అయి ఉండకూడదు. కాలేదు. మీకు అంతకుముందే కొడుకు ఉండకూడదు. లేడనుకుందాం. మతం విషయంలో ఆంజనేయుడి పేరు చెప్పి ఎలాగో నెగ్గుకొస్తారు. దత్త హోమం తప్పనిసరి కాదని కూడా చట్టమే అంది, ఖర్చు తగ్గింది. కానీ ఒక్క షరతు దగ్గర బండి ఆగిపోతుంది. బిడ్డను కన్న తల్లిదండ్రులో, సంరక్షకులో తమ చేతులతో ఇవ్వాలి, మీరు పుచ్చుకోవాలి. ఇవ్వడం జరగకుండా తీసుకుంటే అది దత్తత కాదు. మనుషుల భాషలో దానికి పేరు అపహరణ. హోమం వద్దన్న చట్టం కూడా తల్లి ఒప్పుకోవాలనే మాట మాత్రం వదల్లేదు.

మంచి మనసుతో చేసినా ఇంతేనా అని అడుగుతారు. ఇంతే. కుక్కలు కరిచిన కోతిపిల్లను కోయంబత్తూరు పశువైద్యుడొకరు కాపాడి, నెలల తరబడి సాకారు. అటవీశాఖ దాన్ని చెన్నై వండలూరు జూకు తరలించింది. తన దగ్గరే ఉంచమని ఆయన 2024లో మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు. ప్రాణం పోసిన వైద్యుడికే దక్కని హక్కు, గౌను తొడిగిన మీకు దక్కుతుందా?

8. గోనె సంచి

ఆఖరి సరుకు. మోండాలో ఉల్లిగడ్డల దుకాణాల దగ్గర ఖాళీ సంచులు దొరుకుతాయి.

కొడుకు కరిచాడు. పక్కింటివాళ్లు గొడవ చేశారు. రీల్‌కు మునుపటిలా లైకులు రావడం లేదు. పళ్లు పీకినా గోళ్లున్నాయి. అప్పుడు ఒక రాత్రి సంచిలో వేసి, కారు డిక్కీలో పెట్టి, నర్సాపూర్ అడవి దాకానో ఇంకొంచెం ముందుకో వెళ్లి వదిలేస్తారు. ‘దాన్ని దాని ప్రపంచంలోకి పంపించేశాం’ అని కన్నీళ్లతో ఇంకో రీల్. దాని ప్రపంచం దానికి తెలియదు. ఏ ఆకు తినాలో, ఏ అరుపు వింటే చెట్టెక్కాలో నేర్పాల్సిన తల్లిని మొదటి సరుకు కొన్న నాడే తీసేశారు. తనలో పుట్టకుండా వచ్చిపడ్డ కోతిని ఏ గుంపూ చేర్చుకోదు, తరుముతుంది. అది మనుషుల వైపే నడిచొస్తుంది. మనిషి కర్ర తీసుకుంటాడు. కోతి బందీగా పాతికేళ్లు దాటి బతకగలదు. మీ సరదా మూడేళ్లు. మిగిలిన ఇరవై ఏళ్ల లెక్క ఎవరి ఖాతాలో?

డబ్బున్నవాళ్లు సంచి వాడరు, విమానాశ్రయం వాడతారు. 2013 మార్చిలో గాయకుడు జస్టిన్ బీబర్ తన కాపుచిన్ కోతిపిల్లను కాగితాల్లేకుండా జర్మనీలోని మ్యూనిక్‌కు తీసుకెళితే కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. గడువిచ్చినా ఆయన మళ్లీ రాలేదు. ఆ కోతి జర్మనీలోనే ఒక జంతు పార్కులో ఉండిపోయింది.

మనకు నిర్మల్ జిల్లా చించోలి (బి) దగ్గర 2020 డిసెంబరులో తెరిచిన కోతుల సంరక్షణ కేంద్రం ఉంది. దాని ముఖ్యమైన పని ఊళ్ల మీద పడే కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. మీరు విసుగెత్తి వదిలేసిన వారసులకు హాస్టల్ నడపడం దాని పని కాదు.

చీటీ అయిపోయింది. ఇప్పుడు చేతులు కడుక్కుని నాలుగు మాటలు.

పిల్లల్లేనివాళ్లను వెక్కిరించడానికి ఇదంతా రాయలేదు. ఆ పని చేయడానికి మన పెళ్లిళ్లలో, పేరంటాల్లో, బారసాలల్లో మనుషులు కావలసినంతమంది ఉన్నారు. ‘ఇంకా విశేషం ఏమీ లేదా?’ అని అడిగే ప్రతి అత్తా, పిన్నీ, పక్కింటి వదినా ఒక కోతిపిల్లను తల్లి నుంచి లాగే చేతిలో తన చేయి కూడా వేసినట్టే. వాళ్ల నోళ్లు మూతపడితే ఇళ్లలో సగం గొలుసులు తెగుతాయి. పిల్లలు కావాలనుకునేవాళ్లకు కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ ఉంది. ఆలస్యమవుతుంది, ఏళ్లు పడుతుంది. అయినా అక్కడ ఇచ్చే చేయి ఒకటుంటుంది. ప్రేమ పొంగిపోతోందా, వీధి చివర కుక్కపిల్లలున్నాయి. వేల ఏళ్లుగా మన గుమ్మం దగ్గర బతకడం నేర్చుకున్న జాతి అది. కోతి నేర్చుకోలేదు. నేర్చుకోవాల్సిన అవసరమూ దానికి లేదు.

రోడ్డు మీద ఒంటరి కోతిపిల్ల కనిపిస్తే ఎత్తుకోకండి. తల్లి దగ్గర్లోనే ఉండవచ్చు, మిమ్మల్ని చూసి దిగకపోవచ్చు. దూరంగా నిలబడి చూడండి. తల్లి నిజంగా చనిపోయిందని తెలిస్తే అటవీశాఖకు చెప్పండి. గౌను తొడిగిన కోతి ఫోన్లో కనిపిస్తే గుండె బొమ్మ నొక్కకండి, ఫిర్యాదు బటన్ నొక్కండి. మీరు చూడడం మానేస్తే తొడిగేవాడు మానేస్తాడు, కొనేవాడు మానేస్తాడు, పట్టేవాడు మానేస్తాడు. ఈ వ్యాపారం మొత్తం మీ బొటనవేలి మీద నడుస్తోంది.

కోతిపిల్లకు అమ్మ కావలసిందే. ఆ అమ్మ మీరు కాదు, కాలేరు.